పగలు నిద్రపోయే మనిషికి రాత్రి పడక: బెంగళూరు మార్కెట్ నుంచి ఒక కేసు

మనిషి పేరు మార్చాను. ఓబులేసు అంటాను. వయసు 63. సొంతూరు అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. బెంగళూరు కేఆర్ మార్కెట్లో పద్నాలుగేళ్లుగా హమాలీ. భార్య పోయింది. కూతురు ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో ఉంది.

నేను పన్నెండేళ్లుగా ఈ నగరంలో ఇల్లు లేనివాళ్ల మధ్య పనిచేస్తున్నాను. అందులో ఏడేళ్లు ఒక షెల్టర్ నడిపే బాధ్యత. ఓబులేసు కేసులో పేపర్లో వచ్చేంత విషయమేమీ లేదు. మనిషి బతికే ఉన్నాడు. కానీ నగరం ఖర్చుపెట్టే డబ్బు ఇతని దగ్గరికి వచ్చి ఎక్కడెక్కడ ఆగిపోయిందో మొదటి నుంచి చివరి దాకా నా నోటుబుక్కులో ఉంది. డబ్బు తక్కువైన మాట నిజమే. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ప్రతి పద్దు వెనకా ఎవరో ఒక మనిషిని ఊహించుకుని రూలు రాశారు. ఆ ఊహలో ఓబులేసు ఎక్కడా ఇమడలేదు.

సరోజమ్మ ఫోన్

2025 జూన్ రెండో వారం, పొద్దున ఆరు. సరోజమ్మ (ఈ పేరూ మార్చాను) మార్కెట్ దగ్గర ఊడ్చే పౌరకార్మికురాలు. ఆమె తాతలు చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చీపురు పట్టారు. ఈ ఊరి పౌరకార్మికుల్లో చాలామందిది తెలుగే. రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో, ఎవరు లేవలేదో వాళ్లకు తెలిసినట్టు ఏ సర్వేకీ తెలియదు. మా కేసుల్లో సగం వాళ్ల ఫోన్లతోనే మొదలవుతాయి.

"అక్కా, మన అనంతపురం పెద్దాయన ఒకాయన లేస్తా లేడు. కాలు వాచిపోయింది. లారీ నీళ్లు కొట్టేలోపు వచ్చేయి."

వెళ్లేసరికి పూల మార్కెట్ హడావిడి సద్దుమణుగుతోంది. అరటి మట్టలు, నలిగిన బంతిపూలు, వాటి మీద తెల్లారి చినికిన వాన. ఫ్లైఓవర్ కింద స్తంభానికీ, కొత్తగా బిగించిన ఇనుప కమ్మీలకూ మధ్య రెండడుగుల సందు. అక్కడ ఎవరూ పడుకోకూడదనే ఆ కమ్మీలు వేశారు, వాటి వెనక పూలకుండీలు పెట్టారు. ఆ సందులో ఎరువుల గోతం పరుచుకుని ఉన్నాడు. మూట ఎత్తేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురునే తలగడ చేసుకున్నాడు. కుడి పాదం మీద నుంచి తోపుడు ట్రాలీ చక్రం పోయి తొమ్మిది రోజులైందట. పుండులో పసుపూ కాఫీపొడీ కూరి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి గోనె దారంతో కట్టాడు. దారం కింద వేళ్లు నల్లబడుతున్నాయి.

"ఓబులేసన్నా, షెల్టర్‌కి ఎందుకు రాలేదు? ఇక్కడికి కిలోమీటరున్నర కూడా లేదు కదా!"

"వచ్చినానమ్మా, రెండు తూర్లు. పొద్దున తొమ్మిదికి వచ్చినా. తలుపేసుండ్య. రాతిరికి రా అన్న్యారు. రాతిరి నాకు లోడు ఉంటాది కదా తల్లీ."

ఆ తలుపు మాది. రెండుసార్లు వెనక్కి పంపింది మా షెల్టరే.

మార్కెట్ పని తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కూరగాయల లారీలు రాత్రి పదిన్నర తర్వాత దిగుతాయి. తెల్లారుజామున నాలుగుకి పూలు. హమాలీకి పని ఉండేది ఆ చీకట్లోనే. తొమ్మిదింటికి ఒంట్లో ఓపిక అయిపోతుంది, అప్పుడు కావాలి పడక. సాయంత్రం ఆరుకి తెరిచి పొద్దున తొమ్మిదికి మూసే షెల్టర్ అతనికి ఎంత దగ్గరున్నా లేనట్టే. 2011 జనగణనలో ఇళ్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశంలోని పట్టణాల్లో 9.38 లక్షల మంది అని తేలింది. ఆ రాత్రి నెత్తిన బస్తాతో నడుస్తున్నవాడు లెక్కపెట్టే మనిషి కంటికి ఇల్లు లేనివాడిలా ఎలా కనిపిస్తాడు?

తలుపు ఎందుకు మూసి ఉంది

రూలు ప్రకారం మూసి ఉండకూడదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: షెల్టర్ 24 గంటలూ తెరిచి ఉండాలి, ప్రతి లక్ష జనాభాకీ వందమంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటుండాలి. 2011 లెక్కల్లో బెంగళూరు మహానగర పాలికె పరిధిలో 84 లక్షల మంది. అంటే 84 షెల్టర్లు. అన్ని షెల్టర్లు ఈ ఊళ్లో ఏనాడూ లేవు. 2010లోనే సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఇదే లెక్కన షెల్టర్లు కట్టమని చెప్పింది. ఆ మాటకొస్తే అప్పటి నుంచీ రూలుకు లోటు లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. యాభై మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఆ మిషన్ కట్టిన లెక్క ఏడాదికి 6 లక్షలు. అంటే నెలకు 50,000. ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలన్నదీ అదే మార్గదర్శకం. 50,000ని నలుగురికి పంచితే తలా 12,500. ఇక అక్కడితో సరి. కరెంటు బిల్లు, వాటర్ ట్యాంకర్, ఫినాయిలు, దుప్పట్లు ఉతికించడం, నల్లులకు మందు కొట్టించడం, వీటికి మిగిలేది సున్నా. ఇంకో రకంగా చూస్తే ఒక పడకకు రోజుకు 33 రూపాయలు.

ఆ 33 రూపాయలైనా నెలనెలా చేతికొస్తే ఎలాగో నెట్టుకొస్తాం. మిషన్ గడువు 2024 సెప్టెంబరు నెలాఖరుతో ముగిసింది. ఆ తర్వాత ఏ పద్దు కింద ఇవ్వాలన్న ప్రశ్న మీదే మా బిల్లు ఏడు నెలలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగింది. ఆ ఏడు నెలల్లో మేం ఇద్దరు కేర్‌టేకర్లను పోగొట్టుకున్నాం. ఒకతను ఫుడ్ డెలివరీకి వెళ్లిపోయాడు, ఇంకొకామె జీతం లేకుండా మూడు నెలలు చేసి, పిల్లల స్కూలు ఫీజు గడువు రాగానే ఏడుస్తూ మానేసింది. మిగిలిన ఒక్కరితో మూడు షిఫ్టులు నడవవు. తనిఖీకి వచ్చేవాళ్లు రాత్రి తొమ్మిదికి తలలు లెక్కపెడతారు, ఆ లెక్క మీదే బిల్లు. అందుకని మేం రాత్రిని నిలబెట్టుకుని పగటిని వదిలేశాం.

ఆ నిర్ణయం మీద సంతకం నాదే. అప్పుడది తప్పనిపించలేదు. రిజిస్టర్లో రాత్రి సంఖ్య బాగానే ఉంది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను.

ఆసుపత్రిలో పదకొండు రోజులు

ఆటోలో తీసుకెళ్లాం. ఏ ఆసుపత్రో రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్కదాని సంగతి కాదు. డాక్టరు మంచివాడు, గబగబా చూశాడు. షుగరు 380. ఓబులేసుకి షుగరుందని ఆ రోజు వరకు తెలియదు. అడ్మిషన్ రాసి, "అటెండరు ఎవరు?" అన్నాడు.

అక్కడే మా కేసుల్లో సగం చిక్కుకుంటాయి. వార్డులో ఒక నర్సుకు పదుల కొద్దీ పేషెంట్లు. రక్తం శాంపిలు ల్యాబ్‌కి పట్టుకెళ్లడం, స్కానింగ్‌కి స్ట్రెచర్ తొయ్యడం, బయట నుంచి మందు తేవడం, మూత్రం డబ్బా పెట్టడం అన్నీ ఇంటివాళ్లు చెయ్యాలి. కాగితం మీద వైద్యం ఉచితం. ఆ వైద్యం చేతికందాలంటే పక్కన భార్యో కొడుకో ఉండాలి. ఇల్లు లేనివాడికి వాళ్లెక్కడుంటారు? మా షెల్టర్ బడ్జెట్లో 'సహాయకుడి కూలి' అనే వరుస లేదు. పెడితే ఆడిట్‌లో కొట్టేస్తారు.

మార్కెట్లోనే పనిచేసే ఒక కుర్రాణ్ణి రోజుకు 600కి మాట్లాడాం. మడకశిర పిల్లోడు. పదకొండు రోజులు మంచం కింద గోతం పరుచుకుని పడుకున్నాడు. ఓబులేసుకి రెండు కాలివేళ్లు తీసేశారు, పాదం దక్కింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే మోకాలి కింద దాకా పోయేదని డాక్టరు చెప్పాడు.

నాలుగో రోజు సాయంత్రం పళ్లు పట్టుకుని వెళ్తే ఓబులేసు అడిగింది ఒక్కటే. "నా చుట్టకుదురు యాడుందమ్మా?" సరోజమ్మ దాన్ని ఉతికి, తన బండి హ్యాండిల్‌కి వేలాడదీసుకుని తిరుగుతోందని చెప్పాను. కళ్లు మూసుకుని నవ్వాడు.

ఒకే ఊళ్లో రెండు సంచులు

కేసు మధ్యలో ఆపి డబ్బు గురించి కొంచెం విపులంగా రాయక తప్పదు. ఆగస్టులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు జెండా వందనం తర్వాత నన్ను మాట్లాడమన్నారు. సగం ఫ్లాట్లు తెలుగువాళ్లవే, మాటలన్నీ తెలుగులోనే నడిచాయి. నేను రెండు ముక్కలు చెప్పీ చెప్పకముందే గుంటూరు ఆవిడ ఒకరు లేచారు.

"మేడం, తప్పుగా అనుకోకండి. ఏటేటా ఏప్రిల్లో రిబేటు కోసం పరిగెత్తి మరీ ఇంటిపన్ను కడతాం. మా గేటు దాటితే ఫుట్‌పాత్ లేదు. మా అమ్మ వాకింగ్‌కి వెళ్లి మ్యాన్‌హోల్ మూత తట్టుకుని పడింది. మూలమీద చెత్తకుప్ప. ఫ్లైఓవర్ కింద చిన్నపిల్లల్ని వేసుకుని జనం పడుకుంటున్నారు. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుకి సొరంగం రోడ్డు వేస్తారట, 17 వేల కోట్ల పైమాటేనట! మా డబ్బంతా ఎక్కడికి పోతోందండీ?"

ఆవిడ గొంతులో ఉన్నది పేదవాళ్ల మీద కోపం కాదు. నాకూ అదే కోపం ఉంది. నిలదీద్దామంటే వార్డుకి ఒక కార్పొరేటర్ కూడా లేడు. పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది, ఆ తర్వాత అప్పటిదాకా ఎన్నిక జరగలేదు. అధికారులు రాసిందే బడ్జెట్.

ఆవిడ పన్ను రసీదు అడిగి తీసుకున్నాను. అందులో సెస్ అని ఒక్క వరుస ఉంటుంది. దాన్ని విడదీసి చూపించాను: పన్ను మీద ఆరోగ్య సెస్ 15 శాతం, గ్రంథాలయ సెస్ 6 శాతం, భిక్షుక సెస్ 3 శాతం. పదివేల పన్ను కట్టే ఇంటి నుంచి భిక్షుక సెస్ 300 రూపాయలు. హాల్లో ఎవరికీ ఆ పేరే తెలియదు. ఈ ఊళ్లో ఇల్లున్న ప్రతివాళ్లూ ఏటా కడుతున్న డబ్బు అది.

అది కర్ణాటక భిక్షాటన నిషేధ చట్టం, 1975 కింద వసూలయ్యే సెస్. అంతకుముందు మైసూరు సంస్థానంలో 1944 నాటి చట్టం ఉండేది. స్థానిక సంస్థ పన్నుతో పాటు వసూలు చేసి, కేంద్ర పరిహార సమితికి (కన్నడలో పరిహార అంటే సహాయం) కట్టాలి. వసూలైనది సకాలంలో కట్టకుండా నగరపాలిక వందల కోట్లు బకాయి పెట్టిందని ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తూనే ఉంది. అది ఒక బాధ. కట్టిన డబ్బు దేనికి ఖర్చవుతుందన్నది ఇంకా పెద్ద బాధ. ఆ చట్టం కింద నడిచే నిరాశ్రితుల పరిహార కేంద్రాలకే అది చెందుతుంది. బిచ్చమెత్తేవాళ్లను పట్టుకుని తెచ్చి ఉంచే చోటు అది. మాగడి రోడ్డులో సుమనహళ్లి దగ్గరున్న కేంద్రంలో 2010 ఆగస్టులో కొద్ది రోజుల తేడాలో పదుల సంఖ్యలో మనుషులు చనిపోతే ఈ ఊరు ఉలిక్కిపడింది. గుర్తున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

బతకడానికి కంటికి కనిపించే ఆధారం లేకుండా, అడుక్కుని బతుకుతున్నాడేమో అనిపించేలా బహిరంగ స్థలంలో తిరిగినా, ఉన్నా, ఈ రకం చట్టాల ప్రకారం అతను భిక్షుకుడే. పగలు పదకొండింటికి ఫ్లైఓవర్ కింద మాసిన లుంగీతో పడుకున్న ఓబులేసుని చూడండి. రాత్రంతా అతను దించిన ఉల్లిపాయ బస్తాలు ఎవరికి కనిపిస్తాయి? బిచ్చగాళ్లను పట్టుకెళ్లే బండి వస్తోందని తెలిస్తే పగలు పడుకున్న హమాలీలు లేచి సందుల్లోకి పారిపోవడం నేను కళ్లారా చూశాను. ఢిల్లీలో ఇలాంటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టేసింది. 2021 జులైలో సుప్రీంకోర్టు కూడా, అడుక్కోవడం పేదరికం తెచ్చిన సమస్య, వాళ్లను రోడ్ల మీద నుంచి తీసేయమని మేం ఆదేశించలేం అంది. ఇక్కడ చట్టం అలాగే ఉంది, దాని సెస్ అలాగే ఉంది.

అలా ఒకే మనిషి పేరు మీద రెండు సంచులు. ఒకదానికి ప్రతి ఇంటి నుంచీ ఏటా డబ్బు చేరుతుంది, అది అతన్ని బిచ్చగాడు అంటేనే తెరుచుకుంటుంది. రెండోది అతన్ని ఇల్లు లేనివాడు అంటుంది, దాంట్లో పడకకు 33 రూపాయలు, అవీ ఏడు నెలలు ఆలస్యంగా. ఓబులేసుని అడిగితే ఈ రెండు పేర్లూ ఒప్పుకోడు. "నేను అడుక్కుతినేటోన్ని కాదమ్మా. ఇల్లు ల్యాకుండా ఏం ల్యా, ఊర్లో ఇల్లుండాది. పని ఈడుండాది, అంతే."

అద్దె కాదు, అడ్వాన్సు

పని బాగున్న రోజుల్లో ఓబులేసుకి రాత్రికి 600, 700 దాకా వచ్చేది. రోజూ స్నానానికీ దొడ్డికీ కలిపి 40, తిండికి 150. కూతురికి నెలకు 3,000. ఇంత సంపాదించే మనిషి రోడ్డు మీద ఎందుకున్నాడని అపార్ట్‌మెంట్లో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మార్కెట్ చుట్టుపక్కల రేకుల గది అద్దె 4,500. ముగ్గురు కలిస్తే తలా 1,500, అది కట్టగలడు. కానీ ఓనరు అడ్వాన్సు 24,000 అడుగుతాడు. పైగా ఆధార్‌లో లోకల్ అడ్రసు, పూచీకత్తుకి ఊళ్లో తెలిసిన మనిషి కావాలి. బెంగళూరులో పద్నాలుగేళ్లుగా ఓబులేసు ఒక్కసారి కూడా అంత మొత్తం ఒకేచోట కూడబెట్టలేకపోయాడు. కూడబెట్టింది ఒకసారి పక్కనున్న గోతంతో సహా పోయింది.

నగరంలో ఏ పథకమూ ఈ అడ్వాన్సు ఇవ్వదు. షెల్టర్ కట్టడానికి డబ్బుంది, ఫ్లైఓవర్ కింద కమ్మీలు బిగించడానికి డబ్బుంది. 8,000 వాటా అప్పుగా ఇచ్చి ఒక మనిషిని ఆ రెండింటి అవసరం నుంచీ తప్పించే పద్దు మాత్రం లేదు. నా చేతిలో నిర్ణయం ఉంటే మొట్టమొదట పెట్టే పద్దు అదే.

డిశ్చార్జ్ తర్వాత మూడు వారాలు ఓబులేసుని మా ఆఫీసు గదిలో పడుకోబెట్టాం, పగలు కూడా. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. జులై చివర్లో ఇద్దరు పాత హమాలీలతో కలిపి కలాసిపాళ్య దగ్గర గది కుదిర్చాం. పూచీ సంతకం సరోజమ్మ పెట్టింది. పౌరకార్మికురాలి ఐడీ కార్డు చూసి ఓనరు ఒప్పుకున్నాడు. నా విజిటింగ్ కార్డు చూసి ఒప్పుకోలేదు.

మేం అడగని ప్రశ్న

ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయాలి. సెప్టెంబరులో ఒకరోజు ఓబులేసు మాటల మధ్యలో అన్నాడు: "ఈసారీ పించినీ పోయినట్టే."

ఆంధ్రాలో అతనికి వృద్ధాప్య పింఛను ఉంది. 2023లో 2,750తో మొదలై, 2024 జులై నుంచి నెలకు 4,000. ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతిలో పెడతారు. దెబ్బ తగిలే వరకు ఓబులేసు ప్రతినెలా నెలాఖరు రాత్రి బస్సెక్కి వెళ్లి తీసుకునేవాడు. జులై ఒకటిన కాలికి కట్టుంది. ఆగస్టు ఒకటిన నడవలేడు. సెప్టెంబరు ఒకటిన వెళ్తానంటే డాక్టరు వద్దన్నాడు. వరసగా తీసుకోకపోతే ఊరు విడిచి వలస పోయాడని లెక్కగట్టి ఆపేస్తారు. ఆపేశారు కూడా.

మనిషి చేరేటప్పుడు నింపే మా ఇన్‌టేక్ ఫారంలో ఆధార్ నంబరు, రేషన్ కార్డు, కులం, చదువు, చెడు అలవాట్లు అన్నీ ఉన్నాయి. 'ఊళ్లో నీకు ఏమైనా వస్తోందా, ఎప్పుడు వెళ్లి తీసుకుంటావు' అన్న ప్రశ్న లేదు. పదకొండు రోజులు ఆసుపత్రిలో, మూడు వారాలు మా గదిలో ఉన్న మనిషిని ఆ మాట ఎవరం అడగలేదు. అతనూ చెప్పలేదు. చెబితే, ఊళ్లో డబ్బొస్తోందిగా అని గెంటేస్తామేమోనని భయపడ్డాడట. ఇద్దరం కలిసి రెండుసార్లు ఊరికెళ్లాం. డిశ్చార్జ్ కాగితాలు చూపించాక సచివాలయంలో ఉన్న అమ్మాయి ఓపిగ్గా విని, కేసుని మళ్లీ పైఅధికారులకు పంపింది. నవంబరు నుంచి పింఛను మళ్లీ వస్తోంది. మధ్యలో ఆగిన నెలల డబ్బు రాలేదు.

ఇప్పుడు ఫారంలో ఆ ప్రశ్న మూడో వరుసలో ఉంది. బెంగళూరులో తెలుగు హమాలీలు, మేస్త్రీల మధ్య పనిచేసే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ ఒకటో తారీఖు సంగతి అడగండి.

ఖర్చు

ఈ కేసుకి మా జీతాలు కాకుండా చేతి నుంచి పెట్టింది ఇది. ఆటోలు 1,450. బయట కొన్న మందులు, స్కానింగ్ 4,600. సహాయకుడి కూలి 6,600. గది అడ్వాన్సులో వాటా 8,000. మూడు నెలల అద్దె వాటా 4,500. ఊరికి రెండు ప్రయాణాలు 2,200. మొత్తం 27,350 రూపాయలు. ఇందులో నగరపాలిక ఇచ్చే షెల్టర్ నిధి నుంచి నిబంధనల ప్రకారం ఖర్చు రాయగలిగింది ఒక్క రూపాయి కూడా లేదు. అంతా విరాళాలే.

పద్నాలుగేళ్లు రోడ్డు మీద గడిపిన మనిషి తలుపున్న గదిలోకి వెళ్లడానికి అయింది ఇంతే. దెబ్బ తగిలిన తొలి రోజు పగలు మా తలుపు తెరిచి ఉంటే, పుండు చూసి అప్పుడే డ్రెస్సింగ్ చేయిస్తే, ఇందులో ఆసుపత్రి భాగం చాలావరకు ఉండేది కాదు. వేళ్లు కూడా ఉండేవి. ఏడు నెలలు బల్లల మీద తిరిగిన ఆ బిల్లుకి నేను ఈ కాలివేళ్ల లెక్క కూడా జత చేసి ఉత్తరం రాశాను. కోపంతో రాసిందే, కానీ అందులో అబద్ధమేమీ లేదు.

ఈలోగా 2025 సెప్టెంబరు 2 నుంచి ఒక్క పాలికె పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. షెల్టర్ పాత అంకెలతో కొత్త ఆఫీసుకి మళ్లీ పరిచయం చేసుకున్నాం. కొత్తచోట కూర్చున్నవాళ్లు ఇంకా అలసిపోలేదు కాబట్టి నాకు కొంచెం ఆశ ఉంది. మేం అడిగినవి పెద్ద కోరికలు కావు: బిల్లు లెక్క రాత్రి తలల మీద కాకుండా రోజు మొత్తం మీద కట్టాలి, మార్కెట్ పక్కనున్న షెల్టర్లకు పగటి షిఫ్టు జీతం ఇవ్వాలి, ఆసుపత్రి సహాయకుడి కూలికీ గది అడ్వాన్సు అప్పుకీ ఒక వరుస కలపాలి. భిక్షుక సెస్‌ని ఇటు మళ్లించాలంటే శాసనసభలో చట్టం మార్చాలి. అది షెల్టర్ నడిపేవాళ్ల వల్ల అయ్యే పని కాదు, పన్ను కట్టేవాళ్లు అడగాలి. గుంటూరు ఆవిడ తన అపార్ట్‌మెంట్ తరఫున ఎమ్మెల్యేకి ఒక ఉత్తరం పంపారు, రసీదు కాపీ జతచేసి.

ఇప్పటి పరిస్థితి

ఓబులేసు మూటలు మోయలేడు. వెల్లుల్లి మండీలో కూర్చుని పాయలు గ్రేడు చేసే పని దొరికింది. పగటి పనే, రోజుకు 350. పింఛనుతో కలిపి అద్దె, తిండి గడుస్తున్నాయి. కూతురికి పంపే డబ్బు సగమైంది. షుగర్ మందు నెలకోసారి మేమే గుర్తుచేసి తెప్పిస్తున్నాం, అప్పుడప్పుడూ మానేస్తాడు. చుట్టకుదురు గదిలో మేకుకు తగిలించి ఉంది.

ఆ అపార్ట్‌మెంటూ, దాని పక్క మూడు అపార్ట్‌మెంట్లూ కలిసి డిసెంబరు నుంచి ఒక కేర్‌టేకర్ జీతం ఇస్తున్నాయి. అప్పుడు మానేసిన ఆమెనే వెతికి మళ్లీ పిలిచాం, వచ్చింది. తొమ్మిదికి మూసే తలుపు ఇప్పుడు పగలు తెరిచే ఉంటోంది. ఆ డబ్బు మార్చి నెలాఖరు దాకానే ఉంది. ఏప్రిల్ నుంచి పగటి షిఫ్టుని బడ్జెట్‌లో కలపమని ఇచ్చిన అర్జీకి ఒక నంబరు వచ్చింది, జవాబు రావాలి.

అర్జీతో పాటు పెట్టడానికి ఇప్పుడు పగటి రిజిస్టర్ ఒకటి రాస్తున్నాం. నిన్న మధ్యాహ్నం రెండింటికి నేనే లెక్కపెట్టాను. 23 మంది నిద్రపోతున్నారు.